‘పుట్ ఆఫ్’ అనగా వాయిదాయా, నిరాకరణయా?

ఇంగ్లీషు నేర్చుకొనువారిని ఎక్కువగా బాధించునవి పెద్ద పెద్ద మాటలని పలువురు తలంతురు. నిజమునకు పెద్ద మాటలు అంతగా బాధింపవు. నిఘంటువు తెరచి చూచినచో వాని అర్థము దొరకును. ఒకసారి దొరకిన అర్థము చాలవరకు మారక నిలుచును. మనలను తికమక పెట్టునవి చిన్న మాటలు: ‘పుట్’, ‘గెట్’, ‘టేక్’, ‘టర్న్’ వంటి క్రియలు, వాని వెంట తోకవలె చేరు ‘అప్’, ‘డౌన్’, ‘ఆన్’, ‘ఆఫ్’ వంటి మాటలు. విడివిడిగా చూచినచో ఇవి బడిపిల్లలకు కూడ తెలిసినవే. రెండును జతగూడినప్పుడు మాత్రము పట్టభద్రులు కూడ ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలసి వచ్చుచున్నది.

ఈ కష్టము మనకు మాత్రమే కలిగినది కాదు. డాక్టర్ శామ్యూల్ జాన్సన్ 1755లో తన ప్రసిద్ధ నిఘంటువును ప్రకటించుచు, దాని పీఠికలోనే ఈ జంట మాటలను గూర్చి ప్రస్తావించెను. క్రియకు ఒక చిన్న మాట చేర్చి అర్థమును మార్చివేయు పద్ధతి ఇంగ్లీషులో మిక్కిలి హెచ్చనియు, పరదేశీయులకు ఇది అన్నింటికంటె కష్టమైన భాగమనియు ఆయన గుర్తించెను. ఆ జంటలకు ‘ఫ్రేజల్ వెర్బ్’ అను పేరు మాత్రము చాల కాలము తరువాత వచ్చినది. లోగన్ పియర్సాల్ స్మిత్ అను రచయిత 1925లో తన గ్రంథమున ఆ పేరును వాడి, దానిని తనకు సూచించినవాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులలో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ అని చెప్పెను. తెలుగులో మనము వీనిని జంటక్రియలని పిలుచుకొన్నచో చాలును.

ఇట్టి జంటక్రియలు ఇంగ్లీషులో వేలకొలది కలవు. అన్నింటిని ఒక ప్రసంగములో చెప్పుట అసాధ్యము. చెప్పినను ఎవరికిని జ్ఞాపకముండవు. అందుచేత మేము ఇచ్చట ఒక్కదానిని మాత్రమే ఎన్నుకొన్నాము. అది ‘పుట్ ఆఫ్’. దీనిని ఎన్నుకొనుటకు కారణము కలదు. ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొన్న ఒక యువకునికి ‘ది ఇంటర్వ్యూ హాజ్ బీన్ పుట్ ఆఫ్’ అని కబురు వచ్చినదనుకొందము. అతడు దానిని ‘ఇంటర్వ్యూ లేదు’ అని అర్థము చేసికొని ఊరకున్నచో చేతికి రానున్న అవకాశము జారిపోవును. దాని నిజమైన అర్థము ‘ఇంటర్వ్యూ ఇంకొక దినమునకు మారినది’ అని. అతడు చేయవలసిన పని నిరాశ పడుట కాదు, క్రొత్త తేదీని కనుగొనుట. రెండక్షరముల మాటలో ఇంత భేదమున్నది.

ముందుగా ఒక సంగతి. ‘పుట్’ అనగా పెట్టుట, ‘ఆఫ్’ అనగా అవతలకు. రెండును కలిపినచో వాయిదా ఎట్లగునని కొందరు ఆశ్చర్యపడుదురు. మన భాషను మనము కొంచెము పరకాయించి చూచుకొన్నచో ఈ ఆశ్చర్యము తగ్గును. ‘ఎత్తు’ అనగా పైకి లేపుట; ‘పొడుచు’ అనగా గ్రుచ్చుట. కాని అత్తగారు కోడలిని ‘ఎత్తిపొడిచినది’ అన్నప్పుడు లేపుటయు లేదు, గ్రుచ్చుటయు లేదు, ఉన్నది దెప్పుట. న్యాయస్థానము అర్జీని ‘కొట్టివేసినది’ అన్నప్పుడు ఎవరికిని దెబ్బ తగులదు. ‘చేయి చేసికొన్నాడు’ అన్నప్పుడు మాత్రము, చేయి అను మాట తప్ప దెబ్బ అను మాట లేకున్నను, దెబ్బ తగులును. తెలుగు నేర్చుకొను పరదేశీయుడు వీనిని చూచి ఎంత తికమక పడునో, మనము ‘పుట్ ఆఫ్’ను చూచి అంతే తికమక పడుచున్నాము. భాషలన్నియు తమ పాత సామగ్రితోనే క్రొత్త పనులు చేయించుకొనును.

ఈ జంటలోని రెండవ మాటకు ఒక చిన్న చరిత్ర కలదు. ‘యొక్క’ అను అర్థమున వాడు ‘ఆఫ్’కు ఇంగ్లీషులో ఒక ఎఫ్; ‘అవతలకు, దూరముగా’ అను అర్థమున వాడు ‘ఆఫ్’కు రెండు ఎఫ్‌లు. పూర్వము ఇవి రెండును ఒకే మాట. నొక్కి పలికినప్పటి రూపము క్రమముగా వేరుపడి, రెండు ఎఫ్‌లు ధరించి, దూరము అను అర్థమును తనకు నిలుపుకొన్నది. కనుక ‘పుట్ ఆఫ్’ అన్నప్పుడు మూలమున ఉన్న బొమ్మ ఇది: ఎదుట ఉన్నదానిని చేతితో అవతలకు నెట్టి పెట్టుట. ఆ నెట్టబడునది పని కావచ్చును, మనిషి కావచ్చును, మనసు కావచ్చును. ఈ మూడింటిని బట్టియే దాని ముఖ్యార్థములు మూడు విధములుగా చీలినవి.

మొదటి అర్థము: పనిని మరియొక దినమునకు జరుపుట. ఇదియే అన్నింటికంటె ఎక్కువగా వాడుకలో నున్నది. ఇందుకు చరిత్రలో ఒక మంచి ఉదాహరణము కలదు. ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డునకు 1902 జూన్ 26వ తేదీన పట్టాభిషేకము జరుగవలసి యుండెను. నానాదేశముల అతిథులు లండనుకు చేరియుండిరి. ఇంతలో రాజునకు కడుపులో తీవ్రమైన వ్యాధి బయటపడి, జూన్ 24వ తేదీన శస్త్రచికిత్స చేయవలసి వచ్చెను. పట్టాభిషేకము ‘పుట్ ఆఫ్’ అయినది. రాజు కోలుకొన్న పిదప ఆగస్టు 9వ తేదీన ఆ ఉత్సవము జరిగెను. ఇచ్చట ‘పుట్ ఆఫ్’ అను మాట ఎంత చక్కగా అమరినదో గమనింపవలెను. ఉత్సవము ఆగినది, కాని పోలేదు.

పోయినచో వాడవలసిన మాట వేరు. అది ‘కాల్ ఆఫ్’. దీని అర్థము రద్దు చేయుట. ఒలింపిక్ క్రీడల చరిత్ర ఈ రెండింటి భేదమును స్పష్టముగా చూపును. 1916, 1940, 1944 సంవత్సరములలో జరుగవలసిన ఒలింపిక్ క్రీడలు ప్రపంచ యుద్ధముల మూలమున జరుగనే లేదు. అవి ‘కాల్డ్ ఆఫ్’. 2020లో టోక్యో నగరమున జరుగవలసిన క్రీడలు కోవిడ్ మహమ్మారి కారణముగా ఒక సంవత్సరము వెనుకకు జరిగి, 2021 జూలై 23వ తేదీన ఆరంభమైనవి. అవి ‘పుట్ ఆఫ్’. ‘పుట్ ఆఫ్’ వినినచో ‘ఎప్పటికి?’ అని అడుగవలెను. ‘కాల్ ఆఫ్’ వినినచో అడుగుటకు ఏమియు మిగులదు.

మనకు ఇచ్చట ఇంకొక చిక్కు కలదు. తెలుగులో ‘వాయిదా’ అను ఒక్క మాట పెక్కు బరువులు మోయుచున్నది. పెండ్లి వాయిదా పడును. సభ వాయిదా పడును. వ్యాజ్యము గలవాడు కోర్టు వాయిదాకు పోవును. ఒకప్పుడు రేడియో పెట్టెను పెక్కు కుటుంబములు వాయిదాల మీదనే కొనుక్కొన్నవి. ఇంగ్లీషులో వీనికి వేరు వేరు మాటలు కలవు. ఇంకను మొదలుపెట్టని పనిని జరిపినచో ‘పోస్ట్‌పోన్’ లేక ‘పుట్ ఆఫ్’. మొదలుపెట్టిన సభను నడుమ ఆపి మరల కూడుటకు నిశ్చయించినచో ‘అడ్జర్న్’. డబ్బును భాగములుగా చెల్లించినచో ‘ఇన్‌స్టాల్‌మెంట్’. ‘పోస్ట్‌పోన్’ లాటిను పుట్టుక గల మాట. తరువాత పెట్టుట అని దాని మూలార్థము. అది కార్యాలయపు కాగితములకు తగినది. ‘పుట్ ఆఫ్’ ఇంటిలో, వీధిలో, స్నేహితుల ఉత్తరములలో వాడు మాట. రెంటి అర్థము ఒకటియే. దుస్తులు మాత్రము వేరు.

ఇక వాడుక నియమములు. ఇవి నాలుగు మాత్రమే.

ఒకటవది, ‘పుట్’ అను క్రియకు భూతకాలమున రూపభేదము లేదు. నేడైనను, నిన్ననైనను ‘పుట్’ మాత్రమే. ‘పుట్టెడ్’ అను రూపము ఈ అర్థమున ఇంగ్లీషులో లేదు. ‘హి పుట్స్ ఆఫ్’ అన్నచో అతని అలవాటు. ‘హి పుట్ ఆఫ్’ అన్నచో జరిగిపోయిన పని.

రెండవది, వాయిదా వేయబడునది నామవాచకమైనచో దానిని రెండు చోట్లను ఉంచవచ్చును. ‘వుయ్ పుట్ ఆఫ్ ది మీటింగ్’ అనవచ్చును. ‘వుయ్ పుట్ ది మీటింగ్ ఆఫ్’ అనియు అనవచ్చును. కాని ‘ఇట్’, ‘దెమ్’ వంటి సర్వనామమైనచో అది నడుమనే కూర్చుండవలెను: ‘వుయ్ పుట్ ఇట్ ఆఫ్’. ‘పుట్ ఆఫ్ ఇట్’ అనుట తప్పు. చిన్న మాటను రెండు మాటల నడుమ ఇముడ్చుకొనుట ఇంగ్లీషు వారి అలవాటు. పొడవైన మాటను మాత్రము చివరకు పంపుదురు.

మూడవది, వాయిదా పడినది ఒక క్రియ అయినచో దానికి ‘ఇంగ్’ చేర్చవలెను. ‘ఐ పుట్ ఆఫ్ రైటింగ్ టు హిమ్’ అనుట ఒప్పు. ‘ఐ పుట్ ఆఫ్ టు రైట్’ అనుట తప్పు. దీనిని జ్ఞాపకముంచుకొనుట తెలుగువారికి కష్టము కాదు. ‘అతనికి వ్రాయుటను వాయిదా వేసితిని’ అనునప్పుడు ‘వ్రాయుట’లోని ‘ట’ ఏ పని చేయుచున్నదో, అచ్చట ‘ఇంగ్’ ఆ పనియే చేయుచున్నది.

నాలుగవది, గడువు చెప్పు పద్ధతి. ఏ దినము వరకు అని చెప్పునప్పుడు ‘టిల్’ లేక ‘అంటిల్’ వాడవలెను: ‘పుట్ ఆఫ్ టిల్ మండే’. ఎంత కాలము అని చెప్పునప్పుడు ‘ఫర్’ వాడవలెను: ‘పుట్ ఆఫ్ ఫర్ ఎ వీక్’. మొదటిది తేదీని తెలుపును, రెండవది వ్యవధిని తెలుపును.

ఉచ్చారణ విషయము కూడ ఒకటి చెప్పవలెను. ఇది చెవితో గ్రహింపవలసినది. ఈ జంటలో సాధారణముగా ఊనిక రెండవ మాటపై పడును. ‘పుట్ ఇట్ ఆఫ్’ అనునప్పుడు ‘ఆఫ్’ను నొక్కి పలుకవలెను. రేడియోలో ఇంగ్లీషు ప్రసంగములు విను శ్రోతలు ఈ ఊనికను కనిపెట్టి యుండినచో, వేగముగా పోవు వాక్యములో కూడ జంటక్రియను పట్టుకొనగలుగుదురు.

రెండవ అర్థము: మనిషిని నెట్టివేయుట. ఒకడు బాకీ అడుగుటకు వచ్చినాడు. ఇచ్చుటకు డబ్బు లేదు. లేదనుటకు నోరు రాదు. ‘రేపు రండి’ అని తీయగా చెప్పి పంపివేసినారు. ఇంగ్లీషులో దీనిని ‘హి పుట్ మి ఆఫ్’ అందురు. తీయని మాటలతో పంపివేసినచో ‘హి పుట్ మి ఆఫ్ విత్ ప్రామిసెస్’ అందురు. ఈ విద్యలో తెలుగువారు ఎవరికిని తీసిపోరు. ‘నేడు రొక్కము, రేపు అరువు’ అని అంగళ్లలో వ్రాసిపెట్టు పలకను చూడనివారెవరు? ఆ రేపు ఎన్నటికిని రాదని కొనువానికి తెలియును, అమ్మువానికి తెలియును. ఇండ్ల తలుపులపై ‘ఓ స్త్రీ, రేపు రా’ అని వ్రాయు ఆచారము కూడ మన పల్లెలలో కలదు. రాత్రి తలుపు తట్టు దయ్యము ఆ వ్రాత చదివి మరలిపోవునని, మరునాడు వచ్చి మరల అదే వ్రాత చదువునని నమ్మకము. దయ్యమును కూడ ‘పుట్ ఆఫ్’ చేయుటకు సాహసించినవారము మనము!

ఈ అర్థములో వాయిదా పడినది పని కాదు, మనిషి. పైకి వాయిదావలె కనబడును. లోపల ఉన్నది నిరాకరణము. అందుచేతనే ఇంగ్లీషువారు ఈ అర్థమున మనిషినే కర్మగా చేసి చెప్పుదురు. ‘హి పుట్ ఆఫ్ ది పేమెంట్’ అన్నచో చెల్లింపు జరిగినది, అనగా గడువు మారినది. ‘హి పుట్ ది మ్యాన్ ఆఫ్’ అన్నచో మనిషినే తప్పించినాడు. ఏది నెట్టబడినదో చూచినచో అర్థము దానంతట అదే తేలును.

మూడవ అర్థము: మనసు విరుగునట్లు చేయుట. భోజనమునకు కూర్చున్న వేళ ఏదో దుర్గంధము వచ్చి అన్నహితవు పోయినదనుకొందము. ‘ది స్మెల్ పుట్ మి ఆఫ్ మై ఫుడ్’ అందురు. ఒకని మాటతీరు నచ్చక అతనితో స్నేహము చేయవలెనన్న కోరిక చచ్చినచో ‘హిజ్ మానర్ పుట్ మి ఆఫ్’ అందురు. మనము ‘వెగటు పుట్టినది’, ‘మనసు విరిగినది’ అనునట్టిది ఇది. దీనినుండి ‘ఆఫ్‌పుటింగ్’ అను విశేషణము కూడ పుట్టినది. దగ్గరకు రానీయనిది అని దాని భావము. దీనికి సమీపమైన మరియొక వాడుక, ఏకాగ్రతను చెరచుట. బంతి కొట్టబోవు ఆటగాని వెనుక ఎవరో కేక వేసినచో, ఆ కేక అతనిని ‘పుట్ ఆఫ్’ చేసినదందురు. రెండింటిలోను నెట్టబడినది మనసే.

ఇక రేడియో గల ఇండ్లవారికి తప్పక ఉపయోగపడు సంగతి. ‘పుట్ ఆన్ ది రేడియో’ అనుట ఒప్పు. రేడియో పెట్టుమని అర్థము. దానికి ఎదురుమాట ‘పుట్ ఆఫ్ ది రేడియో’ అని మనము సులభముగా ఊహింతుము. మన దేశమున దీపము విషయములో కూడ ‘పుట్ ఆఫ్ ది లైట్’ అనుట పరిపాటి. బ్రిటనులో కూడ దీపము విషయమున ఇట్లనువారు కలరు. కావున దానిని పూర్తిగా తప్పనరాదు. అయినను రేడియో, దీపము, పంఖా అన్నింటికిని ఎల్లచోట్ల చెల్లునవి ‘టర్న్ ఆఫ్’, ‘స్విచ్ ఆఫ్’ అను మాటలు. ‘పుట్ ఆఫ్ ది ప్రోగ్రామ్’ అన్నచో మాత్రము వినువారు రేడియో కట్టుమన్నారని అనుకొనరు. కార్యక్రమము ఇంకొక దినమునకు మారినదని అనుకొందురు. ‘ఆఫ్ ది లైట్’, ‘ఆన్ ది రేడియో’ అని క్రియయే లేకుండ ఆజ్ఞాపించుట ఇంటిలో చెల్లిపోవును గాని వ్రాతలో చెల్లదు.

పాత గ్రంథములు చదువువారు ‘పుట్ ఆఫ్’ను మరి రెండు అర్థములలో చూతురు. దుస్తులు, చెప్పులు విడుచుట ఒకటి. 1611లో ముద్రితమైన ఇంగ్లీషు బైబిలు అనువాదమున ఈ వాడుక కలదు. నేడు ఈ అర్థమున ‘టేక్ ఆఫ్’ అందురు. పడవ ఒడ్డు విడిచి సాగుట రెండవది. ఇది నేటికిని పుస్తకములలో కనబడును. రెండింటిలోను ‘అవతలకు’ అను మూలభావము చెక్కుచెదరక నిలిచియున్నది.

పనిని వెనుకకు జరుపుటకు ‘పుట్ ఆఫ్’ ఉన్నది సరే, ముందుకు జరుపుటకు ఏ మాట యని ప్రశ్న వచ్చును. ఇంగ్లండులో ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అందురు. మన దేశమున ‘పోస్ట్‌పోన్’కు జతగా ‘ప్రీపోన్’ అను మాట వ్యాపించి, నిఘంటువులలో కూడ చోటు సంపాదించుకొన్నది. ఇచ్చట వాడినచో అందరికి తెలియును. ఇతర దేశములవారికి వ్రాయునప్పుడు మాత్రము ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అనుట క్షేమము.

కడపట మన ‘వాయిదా’ను గూర్చి ఒక మాట. ఇది అరబ్బీ భాష నుండి హిందూస్థానీ ద్వారా మనకు చేరినది. మూలమున దాని అర్థము వాగ్దానము. హిందీ, ఉర్దూ భాషలవారు వాగ్దానమును నేటికిని ‘వాదా’ అనుచున్నారు. ‘ఫలానా దినమున ఇత్తును’ అని మాట ఇచ్చుట వాయిదా. ఆ దినము గడువు. ఆ గడువు జరుగుట కూడ క్రమముగా వాయిదాయే అయినది. మాట ఇచ్చుట అను అర్థము గల పదము, మాటను వెనుకకు నెట్టుట అను అర్థమునకు చేరినది! ఇంగ్లీషులో పనిని జరుపుటకు, మనిషిని తప్పించుటకు ఒకే ‘పుట్ ఆఫ్’ సరిపోయినట్లు, మన మాటలో కూడ వాగ్దానమును వాయిదాయును ఇరుగుపొరుగు అయినవి.

ఆ రెండింటి నడుమ గోడ ఒక్కటే: తేదీ. అర్జీ పట్టుకొని పదిసార్లు తిరిగిన వృద్ధురాలికి ‘సోమవారము రమ్ము’ అని చెప్పి, సోమవారమున పని చేసి పెట్టినచో అది మొదటి అర్థపు ‘పుట్ ఆఫ్’. ‘తరువాత చూతము’ అని పంపివేసినచో అది రెండవ అర్థపు ‘పుట్ ఆఫ్’. అట్లు నాలుగుమార్లు జరిగినచో ఆమె మనసు విరుగును. అది మూడవ అర్థము. ఒక మాటలోని మూడు అర్థములును ఒక మనిషి బ్రతుకులో వరుసగా జరిగిపోవును.

‘ఆలస్యము అమృతము విషము’ అని మన పెద్దలు చెప్పిరి. ‘నిదానమే ప్రధానము’ అనియు వారే చెప్పిరి. కనుక వాయిదా వేయుట ఎల్లప్పుడు దోషము కాదు. రాజు పట్టాభిషేకమైనను, ఇంటిలో పెండ్లి అయినను, కారణమున్నప్పుడు జరుపవలసినదే. మేము శ్రోతలకు మనవి చేయునది ఇంతే: ‘పుట్ ఆఫ్’ అని వ్రాసినప్పుడు, పలికినప్పుడు దాని వెంట ‘టిల్’ చేర్చి ఒక దినమును పేర్కొనుడు. ‘పుట్ ఆఫ్’ అని ఎవరైన మీతో అనినప్పుడు ఆ దినమును అడిగి తెలిసికొనుడు. వ్యాకరణమునకు అది వాక్యపూర్తి; ఎదుటివానికి అది ఊరట.